తాడు లేని ఎలుగు

గుట్ట పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారం ఇంకో పది కార్లు దాని మీదికి ఎక్కుతయి. జగిత్యాల దాటినంక రాయికల్ దిక్కు, వరిపొలాల నడుమ నుంచి లేచిన గుట్టల్ల ఒకటి అనుకోండ్రి, చాలు. మా బాపు ఆ గుట్ట కింద ఈదులు, అంటె ఈత చెట్లు, గీసి, కల్లు దించి, మమ్ముల సాదిండు.

ఇన్నేండ్లకు నేను మళ్ల ఆ గుట్ట ఎక్కింది మా సిరిసిల్ల దోస్తు కోసం. ఆయన దర్జీ. వయసుల ఉన్నప్పుడు నేను సిరిసిల్లల సాంచలు నడిపిన. సాంచలంటే మరమగ్గాలు. మా షెడ్డుకు ఎదురుంగనే ఆయన దుకాణం. ఆయనకు ఇంట్ల ఉర్దూ, దుకాణంల తెలుగు, కోపమొస్తే రెండూ. నేను బడికి పోయింది మూడో తరగతి దాకనే. ఆ నేర్చిన నాలుగు అక్షరాలు మర్చిపోకుండ పెంచుకున్ననంటే ఆయన దుకాణంకు వచ్చే పేపరు పుణ్యమే. నేను పైకి చదివేటోన్ని, ఆయన మిషిను తొక్కుకుంట వినేటోడు. నమ్మబుద్ధి గాని వార్త కాడ మిషిను ఆపి, "మళ్లొకసారి చదువు" అనేటోడు.

పీరీల పండుగ వచ్చిందంటే ఆ దర్జీ దర్జీ గాదు, ఎలుగుబంటి. నల్ల గొంగడ్లు కత్తిరించి, ఉన్ని కుచ్చులు కుట్టి, వేషం తనే తయారు చేసుకునేటోడు. డప్పులు మోగుతుంటె నిప్పుల గుండం చుట్టూ ఎలుగై తిరిగేటోడు. తల అటూ ఇటూ ఊపుకుంట, ఎనుక కాలొకటి ఈడ్చుకుంట, రెండడుగులు వేసి ఆగి, మళ్ల రెండడుగులు. జనం ఎగబడి చూసేటోళ్లు. పిల్లలకు దడుపు పోతదని తల్లులు తమ పిల్లలను ఆయన కాళ్ల సందుల నుంచి దాటిచ్చేటోళ్లు. తురకలు, హిందువులు అని లేదు, అందరి పిల్లలు ఆయన కాళ్ల కింద నుంచి దాటినోళ్లే. మా బిడ్డ సుత దాటింది.

ఒక ఏడు మా బాపు నన్ను చూడొచ్చి ఆ వేషం చూసిండు. అందరు ఈలలేస్తుంటె ఆయన మాత్రం గడ్డం గోక్కుంట నిలబడ్డడు. అంత అయినంక దోస్తు చెమటలు తుడుచుకుంట వచ్చి, "ఎట్లున్నది మామా నా ఎలుగు?" అని అడిగిండు.

"ఆట మంచిగున్నది. గని గిది గుట్ట ఎలుగు గాదు కొడుకా. తాడు కట్టిన ఎలుగు."

దోస్తు మొఖం చిన్నబోయింది. ఎందుకంటె ఆ మాట నిజం. అప్పట్ల ఎలుగును ఆడిచ్చేటోళ్లు ఊరూరు తిప్పుతుండె. ముక్కుకు బొక్క చేసి తాడు కట్టేటోళ్లు. దోస్తు తన జిందగీల చూసిన ఎలుగులు గవే. వాటి ఎనుక గల్లీ గల్లీ తిరిగి ఆ నడక నేర్చుకున్నడు.

"మరి తాడు లేంది ఎట్ల నడుస్తది మామా?"

"అది చూడాలె. చెప్తే వచ్చేది గాదు."

మా బాపు గట్లాంటి మనిషి. ఒక మాట పారేసి, సుట్ట ముట్టిచ్చుకొని బస్సెక్కి పోయిండు. ఆ మాటను దోస్తు ఇన్నేండ్లు మోసిండు. తర్వాత సుత వేషం కట్టిండు గని, జనంల నేను కనబడితే ఆయన అడుగు ఒకటి తడబడేది. నేను చూసేటోన్ని.

ఇప్పుడాయన మోకాళ్లు ఎలుగును మోయయి. మొన్న వాళ్ల గల్లీ పోరగాండ్లు వచ్చి, ఎలుగు నేర్పమని కూసున్నరట. ఆయన నాకు ఫోన్ చేసిండు.

"నేర్పుడు పెద్ద పని గాదు యార్. ఏం నేర్పాలె, గది చెప్పు. తాడు నడకనా? అడుగుదామంటె మీ బాపు లేడు. నాకు ఒక్కసారి తాడు లేని ఎలుగును చూపియ్యి. పది అడుగులు నడిస్తె చాలు, నేను పట్టుకుంట. చూసినంకనే నేర్పుత. లేకుంటె సిరిసిల్లల ఎలుగు నాతోనే ఖతం."

ఈ సంగతి మా బిడ్డకు చెప్పిన. ఆమె పంతులమ్మ. కోరుట్లల మా ఇంటి పక్క వీధిలనే ఉంటది. ఆమె ఫోనుల ఏదో గెలికి ఒక వీడియో నా ముందట పెట్టింది. మా బాపు ఈదులు గీసిన గుట్టే. కింద అక్షరాలు: 'రండి, ఎలుగును దగ్గర నుంచి చూడండి. తప్పక కనిపిస్తుంది.'

"తప్పక ఎట్ల కనిపిస్తదే? అదేమన్న బస్సా, టైముకు వచ్చి ఆగెటానికి?" అన్న.

"బాపూ, నువ్వు ప్రతిదానికి గులుగుతవు. చాచా కోసమన్న ఊకో."

ఊకున్న. చాచా కోసమే.

దోస్తు ముందు రోజే సిరిసిల్ల నుంచి బస్సెక్కి కోరుట్లకు వచ్చిండు. పొద్దుగాలనే ఇస్త్రీ లాల్చీ తొడుక్కొని, అత్తరు పూసుకొని తయారైండు.

"పెండ్లికా పోయేది?" అన్న.

"ఎలుగుకు వాసన ఎక్కువ తెలుస్తదంట. మనిషిని గుర్తు పట్టాలె గదా."

"అత్తరు వాసనకు అది ఊరు దాటి పోతది."

"పోనీ తియ్. ఉరుకకుండ నడిచి పోతె నాకు చాలు."

మా బిడ్డ కారు నడుపుకుంట నవ్వింది. జగిత్యాలల ఆగి చాయ తాగినం. చలికాలం పొద్దు, పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. నేను దోస్తుకు అద్దంల నుంచి గుట్టలు చూపిచ్చుకుంట పోతున్న. గదిగో ఆ బోడగుట్ట మీద తేనెతుట్టెలుంటయి, ముందట మలుపు కాడ జంటగుట్టలొస్తయి, వాటి నడుమ మా బాపుకు చిరుత ఎదురైంది అని. చిన్నప్పుడు చూసిన గుట్టలు నాకు మనుషుల లెక్క గుర్తు.

ఒక మలుపు తిరిగినం. నేను మాట మధ్యల ఆగిన.

జంటగుట్టల్ల ఒకటి లేదు. ఉన్నదానికి సగం లేదు. కత్తితోటి మైసూర్‌పాకు కోసినట్టు నిలువున కోసి ఉన్నది. కోసిన దిక్కు బండ ఎర్రగ, పచ్చిగ, పుండు తీరుగ కనబడుతున్నది. కింద ఇంత ఇంత పెద్ద రాతి దిమ్మలు, నెంబర్లు రాసి పెట్టి ఉన్నయి. ఒక గుట్టకు నెంబర్లేసి లారీల ఎక్కిస్తరని నేను పేపర్ల చదివిన. చదువుడు వేరు. చూసుడు వేరు.

"ఇదేనా చిరుత ఎదురైన గుట్ట?" అని దోస్తు అడిగిండు.

"ఇది కాదు. అది పోయింది" అన్న.

మా గుట్ట మాత్రం నిలబడే ఉన్నది. దాన్ని చూసి పాణం లేచొచ్చింది గని, కారు దిగినంక మళ్ల కూలబడ్డది. ఎన్ని ఈదులుండె ఆ అంచు మీద! ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి, పండ్లూడిన నోరు తీరుగ. వాటి జాగల సిమెంటు ఎలుగు బొమ్మ. దాని మెడల బంతిపూల దండ. పక్కన పెద్ద స్పీకరు డబ్బాల పాటలు. జనం బొమ్మ కాడ నిలబడి ఫోటోలు దిగుతున్నరు.

అదంత నడిపేటోడు ముప్పై ఏండ్ల మనిషి, నడుముకు తువ్వాల, చేతుల ఫోను. మా బాపు సంగతి చెప్పంగనే వాని మొఖం వెలిగింది.

"అరె, మీ బాపు మా తాత జోడీదారా! ఇద్దరు ఒక్క మోకు మీద చెట్లెక్కినోళ్లు. అట్లయితె మనం మనమే తాతా. మీరు ముందట నడువుండ్రి, లైన్ల నిలబడద్దు."

"ఎలుగులున్నయారా ఇంకా?" అన్న.

"ఎందుకు లేవు? గుట్ట లొట్టి పెడుతున్నం గదా!"

ఆ మాట వినంగనే నా రొమ్ము ఉబ్బింది. మెట్లెక్కుకుంట దోస్తుకు, బిడ్డకు గుట్ట లొట్టి అంటె ఏందో చెప్పిన. ఎలుగుకు కల్లంటె పాణం. ఈదు పొట్టి చెట్టు, దానికి కట్టిన కల్లు కుండ, అదే లొట్టి, ఎలుగుకు అందుతది. తాగి ఊకోక కుండలన్నీ పలగ్గొడుతది. అందుకని గీసేటోళ్లు గుట్ట మీద ఒక బండ చూసుకొని, ఎలుగు వంతు అని, చెట్టు నుంచి దించింది దించినట్టు ఒక లొట్టి అక్కడ పెట్టేటోళ్లు. అది తాగిన ఎలుగు కింది చెట్ల జోలికి రాకపోయేది. మా బాపు జరమొచ్చిన రోజు సుత ఎవరితోనన్న లొట్టి పంపేటోడు.

"మీ బాపు ఎలుగుకు కల్లు పోసిండు, నాకు ఒక మాట చెప్పలేదు" అన్నడు దోస్తు.

"నువ్వు ఆయన చెట్లు పాడు చెయ్యలేదు గదా."

మెట్లు సగం దాక సిమెంటువి. తర్వాత బండలు, సీతాఫలం చెట్లు, రేగుకంపలు. పాటల మోత కింద ఉండిపోయింది. ఒక బండ మీద ఉడుము ఎండ కాగుతున్నది. మమ్ముల చూసి పొట్ట ఉబ్బిచ్చింది గని కదల్లేదు. పైన రావిచెట్టు మీద కొండముచ్చులు, ఒకదాని కడుపుకు పిల్ల కరుచుకొని ఉన్నది. దోస్తు ప్రతిదాని కాడ ఆగుడే. నెమిలి ఒకటి మా ముందు నుంచి దాటింది. దాని మెడ మీద ఎండ పడి నీలమా, పచ్చనా తెలువకుండ మెరిసింది.

"నలభై ఏండ్లు బట్ట కుట్టిన యార్. గీ రంగు బట్టతాను నా దుకాణంకు ఒక్కటి రాలేదు" అన్నడు.

ఆ నెమిలి పోయి పొద కింద ఒక చిప్సు సంచిల ముక్కు పెట్టింది. అది అలవాటైన తీరు చూస్తె నాకు ఒళ్లు మండింది. మా బిడ్డ పోయి సంచి గుంజుకుంటె, అది భయపడి ఉరకలేదు. ఇంకోటి ఇయ్యమన్నట్టు ఆమె చేతి దిక్కు చూసింది.

"బాపూ, దీనికి మనుషులంటె భయం లేదు" అన్నది బిడ్డ, సంబురపడాల్నో వద్దో తెలువనట్టు.

కొంత పైకి పోయినంక నేను ఎలుగు పెంట చూసిన. రేగు గింజలు కనబడుతున్నయి. దోస్తును పిలిచి చూపిస్తె, ఆ మనిషి లాల్చీ దోపుకొని కింద కూసున్నడు. బంగారం దుకాణంల నగ చూసినట్టు చూసిండు.

"అంటె నిజంగనే ఉన్నది."

"ఉన్నది."

"తాడు లేకుండ."

"తాడెవడు కడుతడు గీడ?"

మోకాళ్ల నొప్పి మర్చిపోయి ముందట నడిచిండు. ఇగ నేనే ఆయన ఎనుక ఉరుకవలసి వచ్చింది. పైనుంచి నవ్వులు, అరుపులు వినబడ్డయి. ఎలుగున్న కాడ గంత లొల్లి ఏంది, అది పారిపోదా అనుకుంట చివరి బండ ఎక్కినం.

లొట్టి బండ నాకు గుర్తున్నదే. వెడల్పుగ, చదునుగ ఉంటది. దాని మీద ఎలుగు పక్కకు ఒరిగి పండుకొని ఉన్నది. చుట్టూ ఇరవై మంది.

మొదలు నాకు సమజ్ కాలేదు. సచ్చిందనుకున్న. పొట్ట లేస్తున్నది, దిగుతున్నది. నల్లటి జూలు, తెల్లటి మూతి, రొమ్ము మీద తెల్లగీత. కొడవండ్ల తీరు గోర్లు. నుదుటి మీద ఎవరో కుంకుమ బొట్టు పెట్టిన్రు. మెడ కాడ బంతిపూలు. ఒకామె చేతులు జోడిచ్చి, "జాంబవంతుడమ్మా, మొక్కుకోండ్రి" అని తన పిల్లలకు చెప్తున్నది. ఇద్దరు పోరగాండ్లు దాని తలకాయ పక్కన మోకాళ్ల మీద కూసొని, ఏళ్లు రెండు లేపి ఫోటో దిగుతున్నరు.

దోస్తు వాళ్లెవరినీ చూడలేదు. దూరం నుంచే ఎలుగు ముక్కు చూసిండు. ఎడమ దిక్కు జరిగి చూసిండు, కుడి దిక్కు జరిగి చూసిండు.

"బొక్క లేదు యార్. తాడు లేదు" అన్నడు. "పండుకున్నది. లేచేదాక కూసుంట. సాయంత్రం దాక అన్న సరే."

అన్నట్టే ఒక రాయి మీద కూసున్నడు, దర్గాల కూసున్నట్టు, చేతులు ఒళ్లె పెట్టుకొని.

నాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. ఈగ వాలితె కుక్క సుత నిద్రల చెవి ఆడిస్తది. ఈ ఎలుగు కండ్ల మీద ఈగలు ముసిరినయి, రెప్ప కదల్లేదు. నోటి పక్క నుంచి నురగ కారి బండ తడిసింది. ఒకడు తన నల్లద్దాలు తీసి ఎలుగు మొఖానికి పెట్టిండు. అందరు పగలబడి నవ్విన్రు. అది కదల్లేదు.

దాని తల కాడ లొట్టి పడి ఉన్నది. తీసి వాసన చూసిన. నేను గీసినోని కొడుకును. పొద్దుగాల కల్లు వాసన, పుల్లబడ్డ కల్లు వాసన, కండ్లు మూసుకొని చెప్త. ఇందుల ఈదు వాసన ఉండీ లేనట్టున్నది. అడుగున తెల్లగ మడ్డి పేరుకొని ఉన్నది. మా ఎనుకనే వచ్చిన ఆ తువ్వాల మనిషిని పిలిచిన.

"ఇది ఏ చెట్టు కల్లురా?"

"చెట్టుది ఎక్కడ సాలుతది తాతా? ఈదులు ఎన్ని మిగిలినయని. కొంచెం చెట్టుది, కొంచెం డ్రమ్ముది."

"డ్రమ్ముదంటె?"

"అందరు తాగేదే. పొడిది."

నా చెవులు నేనే నమ్మలేదు. "ఎలుగుకు మత్తుపొడి పోసినవారా?"

"కావాల్నని పోసిన్నా? మా తాత పెట్టిండు, మా నాయిన పెట్టిండు, నేను పెడుతున్న. రివాజు తప్పద్దని పెడుతున్న. నేను తాగేదే దానికి పోస్తున్న, వేరేది పోస్తలేను." వాని మొఖంల దొంగతనం లేదు. అదే నన్ను ఇంకా కొట్టింది. "ఊరంత గదే తాగుతున్నరు తాతా. మనుషులకు పనికొచ్చింది ఎలుగుకు పనికి రాదా?"

ఊరంత తాగుతున్నరన్న మాట అబద్ధమైతె తిట్టేటోన్ని. మనుషులకు పోసుడు అలవాటై, ఎలుగు కాడికి వచ్చేసరికి అదొక తప్పని వానికి తోచనే లేదు.

"మొదట్ల తాగి పోయేది" అని వాడే చెప్పుకుంట పోయిండు. "ఇప్పుడు తాగినకాన్నే పండుకుంటున్నది. ఒక రకంగ మంచిగైంది. ముసలోళ్లు, పిల్లలు భయం లేకుండ చూస్తున్నరు."

మా బిడ్డ అప్పటికే పక్కకు పోయి అటవీశాఖోళ్లకు ఫోన్ చేస్తున్నది. నేను ఆ లొట్టి ఎత్తి బండకేసి కొట్టబోయిన. మా ఇండ్లల్ల లొట్టి పలగ్గొట్టుడు అంటె అన్నం కుండను తన్నుడే. అయినా ఎత్తిన. బిడ్డ ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది.

"పలగ్గొట్టకు బాపూ. వాళ్లు వస్తున్నరు, వాళ్లకు ఇది చూపియ్యాలె." లొట్టి నా చేతుల నుంచి గుంజుకొని తన చున్నీల చుట్టుకున్నది.

ఈ లొల్లిల దోస్తు మా దిక్కు చూస్తున్నడని నేను గమనించలేదు. అంత విన్నడు. అప్పుడు ఒక మనిషి తన రెండేండ్ల పిల్లను ఎత్తుకొని ఎలుగు దిక్కు పోయిండు. "దడుపు పోతది, ఒక్కసారి వీపు మీద కూసోపెడుత, ఫోటో తియ్యే" అని పెండ్లానికి చెప్తున్నడు.

దోస్తు లేచిండు. ఆ మోకాళ్ల మీద అంత జల్ది ఎట్ల పోయిండో, ఎలుగుకు, ఆ మనిషికి నడుమ నిలబడ్డడు.

"హటో! ఎనుకకు జరుగు!"

"ఏందయ్యా, అందరు దిగుతున్నరు గదా. దడుపు పోవాలని..."

"నాకు తెలుసు దడుపు సంగతి. ఎంతమంది పిల్లలు నా కాళ్ల కింది నుంచి పోయిన్రో నీకెరుకనా? అప్పుడు వేషం కింద ఉన్నది దర్జీ. గిది ఎలుగు!"

ఎవరికీ ఏం సమజ్ గాలే. నల్లద్దాల పోరడు ఎకసెక్కంగ, "తాతా, ఎలుగు నీకు చుట్టమా?" అన్నడు.

"అవ్. నేను సుత ఎలుగునే. సిరిసిల్లల పోయి అడుగు."

అందరు నవ్విన్రు. దోస్తు నవ్వలేదు. వంగి, ఎలుగు మొఖం మీది అద్దాలు తీసి ఆ పోరని చేతుల పెట్టిండు. కుంకుమ తుడువబోయిండు. అప్పుడు దాని ముందరి పంజా కదిలింది. గోర్లు బండ మీద గీరినయి. పలక మీద మేకుతోటి గీసినట్టు చప్పుడు.

ఇగ చూడాలె జనాన్ని. జాంబవంతుడికి మొక్కినామె అందరి కంటె ముందు ఉరికింది. చెప్పులు, సంచులు, ఒకరి టోపీ, అన్నీ బండ మీదనే. తువ్వాల మనిషి "కిందికి, కిందికి!" అని ఒర్లుకుంట మెట్ల దిక్కు దుంకిండు. మా బిడ్డ మా ఇద్దరి రెక్కలు పట్టి పై బండల సందుకు గుంజుకపోయింది. అక్కడి నుంచి కిందికి కనబడుతది.

ఎలుగు ముందరి కాళ్ల మీద లేచింది. ఎనుక కాళ్లు రాలేదు. కూలబడ్డది. మళ్ల లేచింది, మళ్ల కూలబడ్డది. బంతిపూలు రాలినయి. మూడోసారి నాలుగు కాళ్ల మీద నిలబడి, ఎటు పోవాలో తెలువనట్టు ఆగింది. తర్వాత నడిచింది.

తల అటూ ఇటూ ఊగుతున్నది. ఎనుక కాలొకటి ఈడ్చుకపోతున్నది. రెండడుగులు వేసి ఆగింది. మళ్ల రెండడుగులు.

నాకు ఆ నడక తెలుసు. సిరిసిల్లల ఒక తరం మనుషులకు ఆ నడక తెలుసు. దోస్తు దిక్కు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయన చెయ్యి నా భుజం మీద పడ్డది, గట్టిగ పట్టుకున్నది.

"యార్, గిది నాదే" అన్నడు. "నా నడకనే."

ఎలుగు పోయి ఒక బండకు తగిలింది. తల దానికి ఆనిచ్చి కొంతసేపు అట్లనే నిలబడ్డది. తర్వాత సీతాఫలం చెట్లల్లకు దిగింది. ఆకుల చప్పుడు కొంతసేపు వినబడ్డది. ఆగుకుంట, ఆగుకుంట. తర్వాత అది సుత లేదు.

"చాచా" అన్నది మా బిడ్డ మెల్లగ. "మత్తు దిగుతది, మంచిగైతది. వాళ్లు వచ్చి చూసుకుంటరు. మనం ఇంకోనాడు ఇంకో గుట్టకు పోదాం."

దోస్తు కింద పొలాల దిక్కు చూసిండు. వరినారు మడులు, కాలువ, దానవతల కోసిన గుట్ట ఎర్రగ కనబడుతున్నది.

"తాడు చూసి నేర్చుకున్న బిడ్డా. ఇప్పుడు మందు చూసి పోరగాండ్లకు నేర్పాల్నా?"

మా బాపు అన్న మాటకు జవాబు తెద్దామని వచ్చిన మనిషి. ఆ జవాబు ఉన్న బండ మీదనే మావాడు డ్రమ్ము కల్లు పోసిండు. నాకు పుట్టిన కోపం ఇంకా తగ్గలేదు.

మెల్లగ కిందికి దిగినం. బిడ్డ లొట్టి పట్టుకొని అటవీశాఖోళ్ల కోసం మెట్ల కాడ ఆగింది. కింద జనం పోలేదు. ఉరికినోళ్లంత సిమెంటు బొమ్మ కాడ చేరి, ఎంత దగ్గర నుంచి తప్పించుకున్నరో ఒకరికొకరు చెప్పుకుంటున్నరు. అప్పుడే వచ్చినోళ్లు నోరు తెరిచి వింటున్నరు. తువ్వాల మనిషి మమ్ముల చూసి ఉరికొచ్చిండు. వానికి సంబురం ఆగుతలేదు.

"తాతలూ, అదృష్టమంటె మీది! ఎన్నడు గింత మంది ముందట లేచి నడువలేదు. మీరే ఆఖరు దాక చూసిన్రు." ఫోను తీసి దోస్తు మొఖం ముందు పట్టిండు. "ఒక్క మాట చెప్పు తాతా. పెద్దమనిషివి, నీ మాటంటె జనం నమ్ముతరు. సిరిసిల్ల నుంచి వచ్చిన, ఎలుగు నడుసుడు నా కండ్లతోటి చూసిన అని. అంతే."

నేను వాని చెయ్యి తొయ్యబోయిన. దోస్తు నన్ను ఆపిండు. లాల్చీ సదురుకున్నడు. ఫోను దిక్కు సీదా చూసిండు.

"నేను సిరిసిల్ల దర్జీని. ఎలుగును చూద్దామని గీ గుట్టకు వచ్చిన. ఎలుగు కనబడలేదు. ఎవ్వరు రాకుండ్రి."

తువ్వాల మనిషి ఫోను దించి వెర్రి మొఖమేసిండు. "అట్ల గాదు తాతా, మర్చిపోయినవా? ఇప్పుడే గదా చూసినవు. మళ్లొకసారి చెప్పు."

"పెట్టు ఫోను" అన్నడు దోస్తు.

వాడు పెట్టిండు. దోస్తు మళ్ల అదే మాట, ఈసారి ఇంకా గట్టిగ, అక్కడున్నోళ్లందరికి వినబడేటట్టు చెప్పిండు. తర్వాత పోయి మా కారు ఎనుక సీట్ల కూసొని తలుపేసుకున్నడు.